తర్వాతి బస్సులో వచ్చిన నీడ

పొద్దున లేవగానే శివలీల పరగడుపున థైరాయిడ్ మాత్ర మింగి గ్లాసుడు నీళ్లు తాగేది. ఆ తర్వాత గంటసేపు కాఫీ ముఖం చూడకూడదు. కాఫీ లేని ఆ గంట ఎంతకీ తెమిలేది కాదు. వాకిలి ఊడ్చి, బోరింగు నుంచి నీళ్లు తెచ్చి, మగ్గం గుంటలో కాళ్లు దించి కూర్చునేది. ఆమె నేత మొదలుపెట్టి నూలు నాడె అటూ ఇటూ విసిరేవేళకు ఆమె నీడ ఇంకా బోరింగు దగ్గరే బిందె పట్టుకుని నిలబడి ఉండేది.

కోడుమూరులో ఆ నేతగాళ్ల వీధికి ఇది కొత్త కాదు. "లీలా, నీ నీడ మా అరుగు మీద కూచోనుండాది, తోలియ్యమంటావా?" అని పక్కింటివాళ్లు కేకేసేవాళ్లు. సందెకాడ అత్త మల్లక్క వెళ్లి దాన్ని ఇంటికి పిలుచుకొచ్చేది. థైరాయిడ్ తగ్గితే కొందరికి మొహం ఉబ్బుతుంది, కొందరికి నిద్ర ముంచుకొస్తుంది. శివలీలకు వాటితోపాటు నీడ కూడా వెనకబడింది. నిరుడు మూడో నెలలో కడుపు పోయినప్పుడు అది రెండు రోజులు ఇంటికే రాలేదు. మాత్రలు మొదలుపెట్టాక చురుకైంది. ఇప్పుడు శివలీల మళ్లీ నెల తప్పింది, నీడ మళ్లీ వెనకబడసాగింది. ఈ బిడ్డైనా నిలుస్తుందా అన్న భయం ఆమెను కుదురుగా కూర్చోనివ్వడం లేదు.

రక్తపరీక్ష రిపోర్టు తీసుకుని మొగుడూ పెళ్లాం కర్నూలుకు బయలుదేరారు. బస్సు కదిలేసరికి నీడ ఇంకా స్టాండు గేటు దగ్గరే ఉంది.

"తర్వాత బస్సుకు వస్తాదిలే" అన్నాడు ఈరన్న, కిటికీ పక్కన సర్దుకుంటూ. ఆ దారిలో కండక్టర్లు నీడకు టికెట్టు కొట్టరు, ఖాళీ ఉంటే సీటు మాత్రం చూపిస్తారు.

శివలీల రిపోర్టును అటూ ఇటూ తిప్పి చూసింది. టీఎస్‌హెచ్ అట్టడుగున ఉంది. డి విటమిన్ ఆకాశానికి ఎక్కి కూర్చుంది.

"దీనికి సంతోషపడల్లా, ఏడ్సల్లా?"

"నన్నడుగుతావేమే? నాకు నూలు నంబర్లు తప్ప ఏం తెలుసు?" అన్నాడు ఈరన్న.

కర్నూలు ఆస్పత్రిలో డాక్టరు లక్ష్మీప్రియ ఓపికగా చెప్పింది. "టీఎస్‌హెచ్ అంటే పని చెయ్యమని థైరాయిడ్‌కు తలలోంచి వచ్చే కేక అనుకోమ్మా. ఒంట్లో హార్మోను తక్కువైతే కేక పెద్దదవుతుంది, ఎక్కువైతే తగ్గిపోతుంది. నీకు కేకే వినపడడం లేదు. అంటే మాత్ర ఎక్కువైంది. డోసు తగ్గిద్దాం."

"అయితే నా నీడ ఏమిటికి మేడం ఇట్ల..." అని శివలీల అంటుండగానే నీడ వచ్చింది. తర్వాతి బస్సు దిగి, మెట్లన్నీ ఎక్కి, గోడ పట్టుకుని మెల్లగా లోపలికొచ్చి కుర్చీ పక్కన చతికిలబడింది. డాక్టరమ్మ రాయడం ఆపి దాన్నే చూసింది.

"మాత్ర ఎక్కువైతే ఇది ఉరకాలి గదమ్మా. నడవలేకపోతాంది." మళ్లీ రిపోర్టు మీదికి వంగింది. "ఏం పని చేస్తావు నువ్వు?"

"మగ్గం నేస్తా మేడం. పొద్దస్తమానం గుంటలోనే."

"ఎండే తగలదు. ఇంత డి విటమిన్ యాడినుంచి వచ్చింది? వేరే మాత్రలేమన్నా మింగుతాండావా?"

"ఇదొక్కటే మేడం."

ఈరన్న గొంతు సవరించుకున్నాడు. "ఆ జుట్టు మాత్ర చెప్పవేమే?"

శివలీలకు సిగ్గేసింది. జుట్టు కుచ్చులు కుచ్చులుగా రాలుతుంటే చెల్లెలు శివజ్యోతి తెచ్చిచ్చిన మాత్రలవి. "అది మందెట్లయితాది మేడం? తలకు నూనె మాదిరే అనుకొంటి."

"అందులో బయోటిన్ ఉంటుంది. అదీ విటమినే. కానీ అది ఎక్కువైతే పరీక్ష చేసే మిషన్ తప్పు లెక్క చూపిస్తుంది. ఉన్నది లేనట్టు, లేనిది ఉన్నట్టు. ఈ కాగితం నమ్మి నేను డోసు తగ్గించి ఉంటే నీ కడుపుకే ముప్పు."

శివలీల రెండు చేతులూ పొట్ట మీద పెట్టుకుంది. నీడ కాసేపాగి పెట్టుకుంది.

జుట్టు మాత్ర ఆపి, వారం తర్వాత మళ్లీ రక్తమిచ్చింది. ఈసారి టీఎస్‌హెచ్ ఉండాల్సినదానికంటే బాగా పైనుంది, డి విటమిన్ అడుగంటింది. డాక్టరమ్మ థైరాయిడ్ డోసు పెంచింది. ఐరన్, క్యాల్షియం మాత్రలు పొద్దుటి మాత్రతో కలపొద్దనీ, నాలుగు గంటలు ఎడం ఉండాలనీ గట్టిగా చెప్పింది. శివలీల ఏ మాత్ర మింగినా ఇక చీటీతో సహా డాక్టరమ్మకు చూపించేది.

మూడో నెల దాటింది. ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనలేదు. పొట్ట పెరిగేకొద్దీ నీడ దగ్గరికొచ్చింది. వాకిలి దాకా, గడప దాకా, చివరికి మగ్గం గుంట దాకా.

నెలలు నిండి ఆడపిల్ల పుట్టింది. ఆస్పత్రి కిటికీలోంచి ఎండ పడుతోంది. మల్లక్క బిడ్డను ఆ వెలుతురులోకి ఎత్తుకుని, గోడ వైపు చూసింది. మంచం మీంచి శివలీల కూడా తల ఎత్తింది. బిడ్డ పిడికిలి విప్పింది. గోడ మీది పిడికిలి కూడా అప్పుడే విప్పుకుంది.

"లీలా, ఏడవాకు" అంది మల్లక్క, తాను ఏడుస్తూనే. "ఇద్దరూ ఒక్కసారే వచ్చినారు."