నేను మింగేసిన మాట

నేను ఒక చేతిమైకుని. తెల్లటి గరాటు మూతి, ఎర్రటి పిడి, పొట్టలో ఆరు సెల్లులు. పిడి మీద మూడు బటన్లు ఉంటాయి. ఒకటి మాట్లాడటానికి, ఒకటి సైరనుకి, మూడోది మాటని దాచుకోవడానికి. ఆ మూడో బటను నొక్కిపట్టి ఏది చెబితే అది నాలో ఉండిపోతుంది. తర్వాత మీరు ఆపమనేదాకా అదే పాఠం అప్పజెబుతాను. కాకపోతే నా జ్ఞాపకం ఇరవై సెకన్లే. ఇరవై ఒకటో సెకనులో మీరు ప్రాణం పోసే మాట చెప్పినా నాకు ఎక్కదు. ఇది ముందే చెబుతున్నాను, తర్వాత నన్ను పూర్తిగా తప్పుపట్టకుండా ఉంటారని చిన్న ఆశ. తప్పు నాకూ ఉంది. అది చెప్పడానికే ఈ గొంతు సవరించుకోవడం.

నేను ఉత్తరాదిలో ఒక రేకుల షెడ్డులో పుట్టాను. నన్ను బిగించిన మనిషి పరీక్ష కోసం "హలో, హలో" అని రెండుసార్లు అని అట్టపెట్టెలో పడేశాడు. నా మొదటి యజమాని రాజమండ్రి వీధుల్లో తోపుడుబండి మీద ఉల్లిపాయలు అమ్మే అప్పలస్వామి. అతను నాలో దాచింది నాలుగు మాటలు: ఎర్ర ఉల్లిపాయలు, కొత్త సరుకు, బండి దగ్గరికి రండి, సంచి తెచ్చుకోండి. అంతే. మనుషులకి ఏం కావాలో అదే చెప్పేవాడు. తర్వాత నేను చాలా చదువుకున్నవాళ్ల చేతుల్లో పడ్డాను గానీ, ఇరవై సెకన్లని అంత పొదుపుగా వాడినవాణ్ణి మళ్లీ చూడలేదు. మోకాళ్లు అరిగి బండి మానేసినప్పుడు అతను నన్ను గంగాధరం గారికి ఇచ్చేశాడు.

ముమ్మిడి గంగాధరం గారు ప్రభుత్వంలో విహార బోటింగ్ భద్రతా ప్రచార అధికారి. ఇంత పొడుగు హోదా ఉన్నా ఆఫీసు ఆయనకి ఒక మైకు ఇవ్వలేకపోయింది. రాసిన ఉత్తరాలకి జవాబు రాక, ఆయనే నన్ను సంపాదించుకున్నారు. ఆయనకున్న ఆస్తి నేనూ, ఒక నారింజరంగు లైఫ్ జాకెట్టూ, ఒక స్కూటరూ. పేరులో గంగ ఉంది కానీ ఆయనకి ఈత రాదు. మోకాలిలోతు దాటితే నీళ్లంటే భయం. "భయం ఉన్నవాడే జాగ్రత్త చెప్పగలడు" అని ఆయన తనకి తాను సర్దిచెప్పుకునేవారు.

నిజానికి ఆయన పని బాగా చేసేవారు. గోదావరి పాయ మీద మా బోటింగ్ రేవు ఉంది. సెలవు రోజుల్లో అక్కడ బల్ల వేసుకుని కూర్చునేవారు. మిగతా రోజుల్లో బడులు, కాలేజీలు, లంక గ్రామాలు. ఎక్కడికెళ్లినా జాకెట్టు తొడుక్కుని, ముందున్న మూడు క్లిప్పులూ నా మూతి దగ్గర పెట్టి ఒక్కొక్కటే నొక్కేవారు. టక్. టక్. టక్. ఆ చప్పుడు నా గొంతులోంచి ఊరంతా వినిపించేది. నాలో దాచిన పాఠం కూడా అదే: "లైఫ్ జాకెట్టు వేసుకోండి. వేసుకుని వదిలేయకండి. అంచులు దగ్గరికి లాక్కుని మూడు క్లిప్పులూ బిగించుకోండి. టక్, టక్, టక్ అని మూడు చప్పుళ్లు వినిపించాలి. బోటులో అందరూ ఒకవైపుకి చేరకండి." సరిగ్గా ఇరవై సెకన్లు. ఎన్నిసార్లు చెరిపి, ఎన్నిసార్లు చెబితే కుదిరిందో నాకు తెలుసు.

మనకి జాకెట్టంటే ఆడవాళ్ల రవిక అని తెలియనిది ఎవరికి? రేవులో ఆయన్ని వెనక నుంచి "జాకెట్టు మాస్టారు" అనేవారు. ఆయన వినీ విననట్టు ఊరుకునేవారు.

ఒక వేసవి మధ్యాహ్నం తాటిలంక వెళ్లాం. అక్కడ ఒక షెడ్డులో పాతికమంది ఆడవాళ్లు రాట్నాలు తిప్పుతూ కొబ్బరిపీచు తాళ్లు పేనుతుంటారు. గంగాధరం గారు జాకెట్టు తొడుక్కున్నారు. "జాకెట్టు వేసుకుంటే సరిపోదమ్మా, ముందు బిగించుకోవాలి" అన్నారు. ముందు వరసలో ఉన్న ఝాన్సీ అనే మనిషి చేతిలో పీచు ఆపకుండానే అడిగింది.

"మాస్టారూ, జాకెట్టుకి హుక్కులెలా పెట్టుకోవాలో మాకు చిన్నప్పణ్ణించీ తెలుసండి. మీకెవరు నేర్పేరండీ, ఆవిడగారేనా?"

షెడ్డు రేకులు ఎగిరిపోయేలా నవ్వారు. గంగాధరం గారు సిగ్గుతో నా బటను మీంచి వేలు తీయడం మరిచిపోయారు. ఝాన్సీ ఆయనకి దగ్గరగానే కూర్చుంది కనక ఆమె మాటా, ఆ నవ్వూ నాలోంచి దూరి మూడు వీధుల అవతలికి వెళ్లాయి. టీకొట్టు దగ్గర మగవాళ్లు కూడా నవ్వారు. దాన్ని పెద్దది చేసింది నేనే. ఒప్పుకుంటున్నాను, నాకు ఆ రోజు భలే హుషారుగా అనిపించింది. అంతకుముందు ఏ ఊళ్లోనూ నన్ను అంత శ్రద్ధగా వినలేదు.

ఎవరో దాన్ని ఫోనులో పట్టారు. వారం తిరక్కుండా అది ఆఫీసుకి చేరింది. పైఅధికారి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వి, తర్వాత ముఖం గంభీరంగా పెట్టుకుని, "ఆడవాళ్ల ముందు ఆ బిగించుకోవడాలేంటయ్యా? మర్యాదగా ధరించండి అని పెట్టు. స్వాగతం కూడా ఉండాలి, మన శాఖకి ఒక పద్ధతంటూ ఉంది" అన్నారు.

ఆ సాయంత్రం గంగాధరం గారు పాత పాఠం చెరిపేసి కొత్తది చెప్పారు. "పర్యాటక మిత్రులకు స్వాగతం, సుస్వాగతం. అందరూ విధిగా లైఫ్ జాకెట్లు ధరించవలసిందిగా మనవి. మీ జలవిహారం ఆనందదాయకం కావాలని కోరుకుంటున్నాము. ధన్యవాదములు." క్లిప్పులు పోయాయి. ఒకవైపుకి చేరవద్దన్న మాట కూడా పోయింది. చోటు చాలలేదని ఆయన అనుకున్నారు. స్వాగతం ఒక్కసారే చెప్పి, ధన్యవాదాలు మానేస్తే చోటు చాలేదని నాకు తెలుసు. కానీ నాకా కొత్త మాటలు నచ్చాయి. ఉల్లిపాయలమ్మిన గొంతుకి పెద్దింటి పట్టుబట్ట కట్టినట్టు అనిపించింది.

కార్తీకమాసం వచ్చింది. వనభోజనాలకని తాటిలంక ఆడవాళ్లు రేవుకి వచ్చారు. ఝాన్సీతో పాటు ఆమె అక్క పల్లాలమ్మ కూడా ఉంది. నలభై ఏళ్లు దాటినా అదే ఆమెకి మొదటిసారి షికారు బోటెక్కడం. వేసవిలో మేము షెడ్డుకి వెళ్లిన రోజు ఆమె జ్వరంతో ఇంట్లో ఉండిపోయిందట. కొత్త చీర, తలలో చేమంతులు. రేవులో జాకెట్లు పంచుతుంటే ఝాన్సీ బల్ల దగ్గరికొచ్చింది.

"ఏం మాస్టారూ, ఇయ్యాళ హుక్కుల సంగతి చెప్పరేంటండీ?"

చుట్టూ ఉన్నవాళ్లు అప్పుడే నవ్వడానికి సిద్ధమయ్యారు. గంగాధరం గారు చిన్నగా నవ్వి నా బటను నొక్కారు. నేను స్వాగతం, సుస్వాగతం మొదలుపెట్టాను.

పల్లాలమ్మ జాకెట్టుని భుజాల మీద వేసుకుంది. ముందు భాగం తెరిచే ఉంది, మూడు పట్టీలూ వేలాడుతున్నాయి. మెట్లు దిగుతూ ఆమె మా బల్ల ముందు నుంచే వెళ్లింది. గంగాధరం గారు చూశారు. చూశారని ఎలా తెలుసంటే, పిడి మీద ఆయన చెయ్యి బిగుసుకుంది. నోరు కూడా తెరిచారు. అంతమందిలో ఒక ఆడమనిషిని పిలిచి నీ జాకెట్టు ముందు బిగించుకో అని ఎలా అనడం? ఆయన మర్యాదగా చూపు తిప్పుకున్నారు. నేను అందరినీ ధరించమని మనవి చేస్తూనే ఉన్నాను. ఆమె ధరించే ఉంది.

బోటు రేవుకి కనుచూపు దూరంలోనే ఇసుకతిన్నెకి తగిలి ఆగింది. ఆ కుదుపుకి ఎవరూ పడలేదు. తర్వాత అవతలి గట్టు మీద నెమలి ఉందని ఎవరో అరిచారు. అందరూ ఫోన్లు పట్టుకుని, నీళ్లు లోతుగా ఉన్న అటువైపుకి చేరారు. బోటు నడిపే సరంగు వద్దని చేతులూపుతుండగానే బోటు ఒరిగి ఏడుగురు నీళ్లలో పడ్డారు.

గంగాధరం గారు నన్ను బల్ల మీద పడేసి మెట్ల వైపు పరిగెత్తారు. మోకాలిలోతులో ఆగిపోయారు. అంతకన్నా ముందుకి ఆయన కాళ్లు వెళ్లలేదు. జాలర్లు నావలు తోసుకెళ్లి ఆరుగుర్ని పట్టుకొచ్చారు. ఆ ఆరుగురూ తేలుతూనే ఉన్నారు. ఏడో జాకెట్టు కూడా తేలుతూనే ఉంది. అందులో మనిషి లేదు.

ఇంత జరుగుతున్నా నన్నెవరూ ఆపలేదు. రేవంతా కేకలు, ఏడుపులు. ఆ ఆరుగురిలో ఒకరైన ఝాన్సీ ఒడ్డున పడి "అక్కా, అక్కా" అని గొంతు చించుకుని అరుస్తోంది. ఆ అరుపు మీద నేను, "మీ జలవిహారం ఆనందదాయకం కావాలని కోరుకుంటున్నాము" అంటున్నాను. మళ్లీ స్వాగతం చెబుతున్నాను. మళ్లీ, మళ్లీ. నాకు నోరే గాని నోరు మూసుకునే శక్తి లేదు. చివరికి ఎవరో జాలరి వచ్చి నా పొట్ట తెరిచి సెల్లులు పీకి నదిలోకి విసిరికొట్టాడు. అతనికి నేనెప్పటికీ రుణపడి ఉంటాను.

విచారణకి ముగ్గురు పెద్దలొచ్చారు. నాకు కొత్త సెల్లులు వేసి మూడుసార్లు విన్నారు. నా గొంతు అంత స్పష్టంగా ఎప్పుడూ పలకలేదు. "విధిగా ధరించవలసిందిగా" అన్న మాట దగ్గర ఒకాయన తల ఊపి రాసుకున్నారు. హెచ్చరిక చేశారు, ప్రచార అధికారి లోపం లేదు, మృతురాలు జాకెట్టు సక్రమంగా ధరించలేదు, అని తేల్చారు. గంగాధరం గారిని ఇంకేమైనా చెప్పాలా అని అడిగారు.

"లేదండీ" అన్నారాయన.

ఆయన్ని కాపాడిన సాక్షిని నేను. ఒక్క అబద్ధం చెప్పలేదు. నాలో లేని మాట గురించి నన్నెవరూ అడగలేదు, అంతే. దొంగసాక్ష్యం చెప్పి ఉంటే ఇంతకన్నా తేలిగ్గా ఉండేదేమో.

ఆ తర్వాత ఆయన నన్ను ఇంట్లో బీరువా మీద పెట్టారు. అన్నం దగ్గర కూర్చుని మెతుకులు కెలికేవారు. ఇంటావిడ "మీరేం చేశారండీ, ఆఫీసువాళ్లే తప్పు లేదన్నారుగా" అంటే లేచి వెళ్లిపోయేవారు. మూడు నెలల తర్వాత విచారణవాళ్లకి ఒక ఉత్తరం రాశారు. క్లిప్పుల మాట ముందు ఉండేదనీ, నవ్వుతారని తానే తీసేశాననీ, పట్టీలు వేలాడటం చూసి కూడా చెప్పలేదనీ. ఫైలు ముగిసిందని ఒక వాక్యంలో జవాబొచ్చింది. తర్వాత నన్ను దించి, స్కూటరుకి తగిలించి, తాటిలంక బయల్దేరారు.

షెడ్డులో రాట్నాలు తిరుగుతున్నాయి. ఝాన్సీ ఆయన్ని చూసి లేవలేదు. పక్క రాట్నం దగ్గర పీట ఖాళీగా ఉంది. గంగాధరం గారు నిలబడే ఉన్నారు. చెబితే ఈ మనిషి గుండెల్లో ఏం దించినట్టవుతుందో ఆయనకి తెలుసు. నవ్వు మొదలైంది ఎక్కడో ఇద్దరికీ తెలుసు. దారిలో రెండుసార్లు స్కూటరు ఆపి వెనక్కి తిప్పబోయింది అందుకే.

"ఆ క్లిప్పుల మాట మైకులో ఉండేదమ్మా. నేనే తీసేశాను. మీ అక్క నా ముందు నుంచే వెళ్లింది. చూసి కూడా చెప్పలేదు" అన్నారు.

ఝాన్సీ పేనుతున్న తాడు ఆపింది.

"నేను పెట్టుకున్నానండి" అంది. "మూడూ పెట్టుకున్నాను. ఆ రోజు మిమ్మల్ని ఏడిపించడానికి మీ మాట చెవి ఒగ్గి విన్నాను కదండీ, బాగా గుర్తుండిపోయింది. బోటులో అక్క పక్కనే కూచున్నాను. దానివి ఊగుతుంటే చూసేను. చెప్పబోయేను. మళ్లీ హుక్కుల ఝాన్సీ మొదలెట్టిందంటారని మానేసేను."

గంగాధరం గారు ఏదో అనబోయారు.

"మీ తప్పు కాదనీ, నా తప్పు కాదనీ చెప్పుకోడానికైతే ఎల్లిపోండి మాస్టారూ. నాకొద్దు. ఆ మాట మళ్లీ పెడతారా, పెట్టరా?"

"పెడతానమ్మా. ఇప్పుడే పెడతాను."

"మీరు పెడితే మళ్లీ నవ్వుతారు. మళ్లీ ఎవరో తీయించేత్తారు. ఇలా ఇయ్యండి."

ఆమె నన్ను లాక్కుంది. చేతులు పీచుతో గరుకుగా ఉన్నాయి. గంగాధరం గారు మూడో బటను చూపించారు. ఆమె నొక్కిపట్టి చాలా దగ్గరగా మాట్లాడింది.

"అక్కా, జాకెట్టు ఊరికే తగిలించుకోకు. ముందుకి లాక్కుని మూడు క్లిప్పులూ పెట్టుకో. టక్కుమనాలి. ఎవరైనా నవ్వితే నవ్వనీ. అందరూ ఒక పక్కకి పోకండి. పెట్టుకున్నావా అక్కా?"

పద్నాలుగు సెకన్లే అయింది. ఆమె బటను వదల్లేదు. మిగిలిన ఆరు సెకన్లూ అలాగే పట్టుకుని ఉంది. వెనక రాట్నాల చప్పుడు నాలోకి వచ్చింది, ఆమె ఊపిరీ వచ్చింది. ఇంకేమీ రాలేదు.

పైఅధికారి ఈ పాఠం విని ముఖం చిట్లించారట. ఇందులో స్వాగతం లేదు, శాఖ పేరు లేదు, భాష మర్యాదగా లేదు. తీసేయమని కాగితం కూడా వచ్చింది. గంగాధరం గారు ఆ కాగితాన్ని మడిచి జేబులో పెట్టుకున్నారు. రిటైరయ్యేదాకా అది ఆయన జేబులోనే ఉంది. వెళ్లేరోజు నన్ను సరంగు చేతికిచ్చి, "మూడో బటను జోలికి ఎవర్నీ పోనీయకు" అన్నారు.

ఇప్పుడు నా గరాటు అంచు పగిలింది. ఎర్ర పిడి వెలిసి గులాబీరంగుకి తిరిగింది. రోజుకి కొన్ని వందలసార్లు ఝాన్సీ గొంతుతో మాట్లాడతాను. పట్నం నుంచి వచ్చినవాళ్లు జాకెట్టన్న మాట వినగానే ఇప్పటికీ ఒకరినొకరు మోచేత్తో పొడుచుకుని నవ్వుతారు. నవ్వుతూనే క్లిప్పులు వెతుక్కుంటారు. పెట్టుకున్నావా అక్కా అని నేను అడగ్గానే వచ్చే ఆ ఆరు సెకన్ల ఖాళీలో, సరదాకి, అందరూ కలిసి "పెట్టుకున్నాం" అని అరుస్తారు.

ఆమె అడిగింది వాళ్లని కాదు. అది నాకూ, సరంగుకీ తెలుసు. అయినా వాళ్ల జవాబు విన్నాకే అతను బోటు తాడు విప్పుతాడు.