రెండో గేరుకు బొట్టు

ముకుందం జీపులో గేరు రాడ్డు వదులు. జీపును వదులుకోవడం మాత్రం ముకుందానికి చేతకాదు.

ఎంత వదులంటే, రెండో గేరు వేసి చెయ్యి తీస్తే చాలు, రాడ్డు అలిగిన అల్లుడిలా బయటికి వచ్చేసేది. అందుకే చేవెళ్లలో కిరాణా కొట్టు కట్టేసి ఆలుమగలు ఎటు బయల్దేరినా స్టీరింగు ఆయనది, గేరు ఆవిడది. అన్నపూర్ణ పక్క సీట్లో కూర్చుని, కుడిచేత్తో రాడ్డును అదిమిపట్టి, దానిమీంచి చూపు తిప్పకుండా ప్రయాణం చేసేది. ఆవిడ కోరుకున్నది కంచిపట్టు, దక్కింది గేరుపట్టు.

పట్టీ పట్టీ ఈ ఏడు ఆవిడ భుజం పట్టేసింది. సరిగ్గా అప్పుడే మొయినాబాద్‌లో రిసార్టు నడిపే శ్యాంసుందర్ జీపును అడిగాడు. ఇంజను పీకేసి, గేటు ముందర నిలబెట్టి, బానెట్‌లో బంతిమొక్కలు పెడతాడట.

“మా బాపు మిలిటరీ వేలంల కొన్న బండి. దానికి పూలు పెట్టుడేంది, అది సచ్చిందా?” అన్నాడు ముకుందం.

“నా భుజం సచ్చింది” అంది అన్నపూర్ణ. “ఇయ్యాల సాయంత్రం లోపల రెండో గేరు నా చెయ్యి లేకుంట నిలవాలె. నిలిస్తే మనది. లేకుంటె ఆయన క్రేన్ బండి పంపుతడు. నేను మాటిచ్చిన.”

ఆవిడ మాట గేరు లాంటిది కాదు. వేస్తే పడి ఉంటుంది.

ఇద్దరూ మొయినాబాద్ రోడ్డు పక్కన మెకానిక్ సుకుమార్ షెడ్డుకు పోయారు. పేరుకు సుకుమారుడే గానీ, తీసిన ప్రతి బోల్టుకూ ఒక కేక పెట్టే మనిషి. రాడ్డును అటూ ఇటూ ఊపి చూశాడు.

“సేటూ, ఇది గేరా, గరిటెనా? పప్పు కలుపుతున్నట్లున్నది.”

“ముందు సూడు, తర్వాత పప్పు కలుపుదువు.”

సుకుమార్ గేరుబాక్సు మూత విప్పి, టార్చి లోపలికి కొట్టాడు. ముకుందం తొంగిచూసి, తెరిచిన నోరు తెరిచినట్టే ఉండిపోయాడు. బయట జీపు సొట్టలు, తుప్పు, రంగు మీద రంగు. లోపల మాత్రం తేనెరంగు నూనెలో మునిగిన పళ్లచక్రాలు ఒకదాన్నొకటి కొరుక్కోకుండా పట్టుకుని, నిన్ననే పుట్టినట్టు మెరుస్తున్నాయి. తన కంటే ముందు పుట్టినవి. తన పళ్లలో సగం ఊడిపోయాయి, వీటిది ఒక్కటీ కదల్లేదు.

“ఇన్నేండ్లు నా కాళ్ల కిందనే ఉన్నదా ఇది?” అన్నాడు గుడిలో మాట్లాడినంత మెల్లగా.

“ఉన్నది. నువ్వే దాని మీద కూసొని పల్లీలు తిన్నవ్” అన్నాడు సుకుమార్.

రాడ్డు కింది కొన అరిగి సన్నబడింది. సుకుమార్ వెల్డింగుతో దాన్ని లావు చేసి, ఆకురాయితో రాకి, కొత్త స్ప్రింగు వేసి బిగించాడు. ఊగడం పోయింది. ముగ్గురూ బండెక్కి షెడ్డు పక్క దిగుడులోకి పోయారు. ముకుందం యాక్సిలరేటర్ మీంచి కాలు తీశాడో లేదో, ఠక్కున గేరు బయటపడింది. అన్నపూర్ణ చెయ్యి అలవాటుగా లేచి, నొప్పికి మళ్లీ ఒళ్లో పడింది.

“రిసార్టాయనకు ఫోన్ చేస్త” అంది.

“జర ఆగమ్మా” అన్నాడు సుకుమార్. మొదటిసారి కేక పెట్టలేదు.

మళ్లీ మూత విప్పాడు. ఈసారి దాన్ని బోర్లించి వెతికాడు. గేరు పడగానే ఒక ఇనుప గోలీ స్ప్రింగు బలంతో గాడిలో కూర్చుని దాన్ని కదలకుండా పట్టాలి. ఆ గోలీ తన గుంతలోంచి పైకి రావడం లేదు. చుట్టూ ఎర్రగా ఏదో గడ్డకట్టి ఉంది. “తుప్పు” అంటూ గీరబోయాడు.

“ఆగన్నా.” అన్నపూర్ణ కొంచెం గిల్లి వేళ్ల మధ్య నలిపింది. వేలి కొన పసుపయింది. “తుప్పు కాదు. ఇది మన దసరా.”

ఆయుధపూజనాడు గేరు రాడ్డు రబ్బరు తొడుగు ఎత్తి, వేరు దగ్గర చిటికెడు పసుపు, చిటికెడు కుంకుమ వెయ్యాలన్నది ముకుందం బాపు పెట్టిన పద్ధతి. బొట్టు పైన పెడితే బండికి, వేరులో పెడితే ప్రాణానికి అనేవాడాయన. ఏటా వేసిన చిటికెడు నూనెలో తడిసి, కిందికి జారి, గోలీ గుంతలో చేరింది.

“నేను ప్రార్థన చేసి బండి తెరుస్త. మీరు పూజ చేసి బండి మూసిన్రు” అన్నాడు సుకుమార్.

కానీ గడ్డను విరిచి వెలుతురులో పెట్టేసరికి అతనూ నవ్వడం మానేశాడు. ఎరుపు మీద పసుపు, పసుపు మీద ఎరుపు, వెంట్రుకంత సన్నటి పొరలు. పైవి అన్నపూర్ణవి. వాటి కింద అత్తగారివి. అట్టడుగున నల్లబడినది, బండి ఇంటికొచ్చిన ఏడు బాపు తన చేత్తో వేసినది అయి ఉండాలి. ముగ్గురూ తలలు ఆనించి చూశారు. రోడ్డు మీద లారీలు పోతూనే ఉన్నాయి.

“తొక్కే జాగల పడెయ్యకు” అంటూ అన్నపూర్ణ ఆ ముక్కను కొంగున ముడేసుకుంది.

సుకుమార్ గుంతను డీజిల్‌తో కడిగాడు. గోలీ టిక్కుమని పైకి లేచింది.

పొద్దు వాలుతుండగా ఆలుమగలు ఎన్నోసార్లు తిరిగిన చిల్కూరు దారికే పోయారు. దిగుడులో ముకుందం రెండో గేరు వేసి కాలు తీశాడు. ఇంజను మూలిగింది, బండి బరువంతా గేరు మీద పడింది. అన్నపూర్ణ రెండు చేతులూ ఒళ్లో కట్టుకుంది. రాడ్డు వణికింది. నిలిచింది. దిగుడు అయిపోయే దాకా నిలిచే ఉంది.

“ఇగ క్రేన్ వద్దని చెప్పనా?” ముకుందం అడిగాడు.

ఆవిడ బయటికి చూస్తోంది. చెట్ల సందుల్లో, ఎండ చివరి రంగంతా పట్టుకుని, కంటికి ఆననంత దూరం నీళ్లు.

“ఏమండీ” అంది. “ఈ తొవ్వల ఇంత చెరువున్నదా?”

ముకుందం బండి ఆపబోయాడు.

“ఆపకండి” అంది. “గట్లనే పోనియ్యండి. చూస్తున్న.”