గైడులో లేని రైలు

పదకొండో తరగతి ఇంగ్లీషు పేపర్లు దిద్దుతుంటే నీలవేణి టీచర్‌కి ఒళ్లు మండిపోయింది. ‘రైలు ప్రయాణం’ వ్యాసంలో ముప్ఫై ఎనిమిది మందీ సిమ్లాలోని మేనమామ ఇంటికే వెళ్లారు. అందరికీ కిటికీ పక్క సీటే దొరికింది! బిలాస్‌పూర్ రైల్వే కాలనీ పిల్లలు వాళ్లు. తండ్రులు రైళ్లు నడుపుతారు, గ్యాంగ్‌మన్లుగా పట్టాలు కాస్తారు. ఆ మేనమామ మాత్రం గైడు పుస్తకంలోంచి దిగాడు.

ఈ పిల్లల్ని చిలకల్ని చేసింది మనమే కదా అనుకుంది నీలవేణి. వేసవి సెలవులన్నీ కూర్చుని, హైస్కూలు టీచర్లు ముందు తాము నేర్చుకుని, తర్వాత పిల్లలకి చెప్పేలా అడ్వాన్స్‌డ్ ఇంగ్లీషు కోర్సు ఒకటి తయారుచేసింది. పిల్లలు ఇంట్లో పెద్దల్ని అడగాలి, విన్నది ఇంగ్లీషులో రాయాలి, క్లాసులో నిలబడి వాదించాలి. గైడు ముట్టుకోకూడదు.

టీచర్ల మీటింగులో ప్రిన్సిపాల్ చంద్రమౌళి ఆ కాగితాలు పక్కకు నెట్టేశారు.

"ఏటమ్మా ఇది? గ్యాంగ్‌మన్ పిల్లలకి అడ్వాన్స్‌డ్ ఇంగ్లీషేటి? బట్టీపట్టి పాసైతే చాలు. మొండికేస్తే పదకొండో తరగతి నీ దగ్గర్నించి తీసేస్తాను."

"తీసేయండి సార్. నేనూ గ్యాంగ్‌మన్ కూతుర్నే. చాలు అనడానికి మనమెవలం? ముందు మనం రాద్దాం. ఈయేళ పొద్దున్న ఏటి చేసేమో ఇంగ్లీషులో అయిదు వాక్యాలు. గైడు చూడకుండా!"

కొందరు ఫోన్లలో తలలు దూర్చారు. ముప్ఫై ఏళ్లుగా ఇంగ్లీషు చెబుతున్న గోవిందరావు మాస్టారు పెన్ను తీశారు. రాసి, కొట్టేసి, రెండు వాక్యాలకే చెమట తుడుచుకుని లేచారు.

"అచ్ఛా, దాచీదేటుంది ప్రిన్సిపాల్‌గారూ! ఇన్నేళ్లూ గైడే వల్లెవేయించేను. నా సొంత వాక్యం ఒక్కటీ రాయలేదు. సిగ్గేస్తంది. ఈ కోర్సు ముందు నాకే కావాల. ఈ అమ్మాయి క్లాసు తీసేస్తే నాదీ తీసేయండి."

"మార్కులు తగ్గితే ఎవలు జవాబు చెప్తారు?"

"నేను చెప్తాను," అంది నీలవేణి, కళ్లు దించకుండా. మిగిలిన టీచర్లూ ఒక్కొక్కరే మద్దతుగా చేతులెత్తారు. చంద్రమౌళి ముఖం ముడుచుకుని, ఒక్క టర్ము చూద్దామన్నారు.

మరుసటి వారం నీలవేణి క్లాసులో స్వాతి అనే పిల్ల లేచి తన ఇంగ్లీషు వ్యాసం చదివింది. ‘మా నాన్న రోజూ గతౌరా స్టేషన్ వైపు పట్టాల వెంట నడుస్తాడు. పట్టా విరిగితే ఎర్రజెండా పట్టుకుని రైలుకి ఎదురు పరిగెడతాడు. నాకు భయం.’ మూడు తప్పులున్నాయి. ఎవరూ నవ్వలేదు. వెనక బెంచీలో కూర్చున్న గోవిందరావు మాస్టారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు.

చదువరులారా, కూలివాడి బిడ్డకి ఇంత చదువు చాలని కొలిచి పెట్టే హక్కు ఏ గురువుకీ లేదు.