లోపల గుడ్డ వదలని జాకెట్టు

నాకు పాత జాకెట్ల పిచ్చి. పిచ్చి అని నేను అనడం లేదు, చీపురుపల్లి స్టేషన్ రోడ్డంతా అంటుంది. బుట్ట చేతులు, మోచేయి దాటే చేతులు, మెడ చుట్టూ లేసు, ముందువైపు వరసగా గుడ్డ గుండీలు. మా నాన్నమ్మ పెళ్ళినాటి కుట్లన్నీ నేనే కుట్టుకుని, నేనే తొడుక్కుని, దుకాణంలో మిషను ముందు కూర్చుంటాను. "నీలవేణి ఇయ్యాల ఏ కాలంలో ఉన్నాదో" అని ఎదురు టీకొట్టు వాళ్ళ వేళాకోళం. నవ్వితే నవ్వనీ. ఆ నవ్విన ఇళ్ళ ఆడపిల్లలే ఇప్పుడు ఫోనులో బొమ్మ చూపించి, పెళ్ళికి ఇలాంటిదే కావాలక్కా అని నా గుమ్మంలో నిలబడుతున్నారు.

ఈ పిచ్చి మా తాత లక్ష్ముడి నుంచి వచ్చింది. ఆ రోజుల్లో ఈ చుట్టుపక్కల ఊళ్ళకి ఆడవాళ్ళ జాకెట్లు కుట్టే చెయ్యి ఆయనదొక్కటే. నేను పుట్టేనాటికి మాత్రం చొక్కాలు, పైజమాలు, దోమతెరలు తప్ప ఏమీ ముట్టుకునేవాడు కాదు. ఎందుకు మానేశావు తాతా అంటే కళ్ళు ఆనడం లేదనేవాడు. చొక్కా కాజాలకి మాత్రం ఎలా ఆనేవో మరి. ఆయన కుట్టిన పాత జాకెట్లు నాన్నమ్మ పెట్టెలో ఉండేవి. వాటిని ఒక్కొక్కటే విప్పి, మళ్ళీ కుట్టి పని నేర్చుకున్నాను. తొడుక్కున్నావిడ ఏ చేత్తో పని చేసేదో, ఏ యేడు ఒళ్ళు చేసిందో, ఏ కాన్పు తరవాత చిక్కిపోయిందో, అన్నీ లోపలి కుట్ల గుర్తుల్లో తెలిసిపోతాయి.

మొన్న సోమవారం పొద్దున్న దుకాణం ముందు కారు ఆగింది. గజపతినగరం అవతల బియ్యం మిల్లు ఉన్నవాళ్ళు. ముందు దిగినావిడ లక్ష్మీకామేశ్వరి, డెబ్బై దాటినా నిటారుగా నడిచే మనిషి. వెనకాల కోడలు గౌతమి, ఇరవై మూడేళ్ళుంటాయేమో. కొడుకు చంద్రశేఖరం కారు దగ్గరే నిలబడి ఫోను చూసుకుంటున్నాడు.

పెద్దావిడ బల్ల మీద కూర్చుని, ఒళ్ళోని వెదురు పెట్టె తెరిచి, పసుపు గుడ్డలోంచి ఒక జాకెట్టు తీసింది. చూడగానే నాకు ప్రాణం లేచొచ్చింది. లేత వంగపండు రంగు నూలు, బుట్ట చేతులు, చేతి అంచుకి వేలెడు ఎర్ర పట్టీ. అసలు అందం చంక కింద ఉంది. చెయ్యెత్తితే బిగుసుకోకుండా చిన్న చదరపు ముక్క కలిపి కుట్టారు. ఆ ముక్కని పలక అంటాం. ఇప్పుడది వేసే ఓపిక ఎవరికుంది?

"మా ఇంటి పేరంటాలిదమ్మా" అంది పెద్దావిడ.

మా వైపు చాలా ఇళ్ళలో ఉన్నదే ఇది. బొట్టుతో పోయిన ఆడమనిషి ఆ ఇంటికి పేరంటాలవుతుంది. ఆవిడ చీర, జాకెట్టు పెట్టెలో దాచి, ఏడాదికోసారి తీసి, పసుపు రాసి దండం పెట్టుకుంటారు. ఇంటి కోడలు ఒక పూట వాటిని కట్టుకుంటుంది. మా ఇంట్లోనూ ఉంది ఒకావిడ. ఆ చీర కట్టుకున్న రోజు నాకు భయమేమీ ఉండదు, పెద్ద దిక్కు పక్కన కూర్చున్నట్టే ఉంటుంది.

"మా తోడికోడలు. అమ్మడు అనీవోళ్ళం" అంది పెద్దావిడ. "నేను కాపరానికొచ్చిన యేడే నూతిలో జారిపోనాది. ఈ జాకెట్టు మీదే పోనాది తల్లి, మరెవులూ తొడగలేదు. అప్పటికి మిల్లు మూతపడిపోతాదనుకున్నారు. ఆయమ్మ పోయిన కాణ్ణించి యాభై అయిదేళ్ళు మరి ఎనక్కి సూడలేదు. ఇప్పుడిది పీలికలైపోతన్నాది. అచ్చం ఇలాటిదే కొత్తది కావాల, కోడలికి. శుక్రవారానికి."

నేను టేపు తీసి గౌతమి వైపు తిరిగాను.

"కొలతలక్కర్లేదు, ఇదే ఆది" అంది పెద్దావిడ. "దీని కుట్టు మాత్రం ఇప్పకు, పైనించే సూసుకో. ఇంకో మాట సెప్తన్నాను, లోపల గుడ్డ వదలొద్దు."

టేపు మళ్ళీ మెడలో వేసుకున్నాను. ఇరవై ఏళ్ళుగా కుడుతున్నాను. ఎంత సన్నటి పిల్లయినా, ఎంత చాదస్తపు ముసలావిడైనా వెళుతూ వెళుతూ ఒక మాట అంటుంది. లోపల గుడ్డ కాస్త ఎక్కువ వదులమ్మా, రేపు లావైతే విప్పుకుంటాను అని. ఆ గుడ్డ ఉంటేనే జాకెట్టు మనిషితోపాటు నాలుగేళ్ళు నడుస్తుంది. వద్దన్న మనిషిని చూడడం అదే మొదలు. పైగా గౌతమి చెయ్యి పొట్ట మీద ఉంది.

"ఎన్నో నెలమ్మా?" అని అడిగాను.

"నాలుగక్కా" అంది గౌతమి.

"మరి గుడ్డ వదల్లేదంటే వచ్చే నెలకే పట్టదు కదండి" అన్నాను పెద్దావిడతో.

"వచ్చే నెల మాట నీకేటికి? శుక్రవారం మాట సూడు."

ఆవిడ కోప్పడలేదు. వంకాయలు బేరమాడినంత మామూలుగా అంది. మిల్లు మళ్ళీ ఏడాదిగా బాగోలేదట. పేరంటాలికి కొత్త బట్టలు పెడితే దారిలో పడుతుందట. అంతా చెప్పి, అచ్చం అదే రంగు గుడ్డ నా చేతిలో పెట్టి కారెక్కింది.

సోమవారమంతా నాకు నేనే సర్ది చెప్పుకున్నాను. గుళ్ళో అమ్మవారికి కుట్టే జాకెట్టుకీ గుడ్డ వదలం, అమ్మవారు లావవదు కదా. ఇదీ అలాంటిదే అయి ఉంటుంది అనుకున్నాను. కానీ మంగళవారం మధ్యాహ్నం ఆ జాకెట్టు ఒళ్ళో పెట్టుకుంటే చెయ్యి ఆగలేదు. ఆ పలక లోపల్నుంచి ఎలా కలిపారో చూడకుండా నేను దాన్ని ఎలా కుడతాను? నాలుగంగుళాలే విప్పుదాం, తిరిగి అవే రంధ్రాల్లోంచి కుట్టేస్తే బ్రహ్మకి కూడా తెలియదు. అలా అనుకునే చంక కింద కుట్టు విప్పాను.

పలక లోపలి మూలలో ఎర్ర దారంతో మూడు కుట్లు ఉన్నాయి. గుడ్డ ఏ రంగైనా సరే, అక్కడ మా తాత ఎర్ర దారమే వేసేవాడు. నాన్నమ్మ పెట్టెలో జాకెట్లన్నిటికీ అదే గుర్తు. చటుక్కున కళ్ళకద్దుకున్నాను. ఆ తరవాత పక్క కుట్టు చూశాను. లోపల గుడ్డ లేదు. కుట్టు పక్కనే, నూలుపోగు మందం వదిలి, కత్తిరించేసి ఉంది.

మా తాత అలా కుట్టడు. పసిపిల్లల గౌనుక్కూడా రెండు వేళ్ళ గుడ్డ వదిలే మనిషి.

జాకెట్టు తిరగేసి కిటికీ వెలుగులో పెట్టాను. చంకల్లో చెమట మరక లేదు. కాజాలు సాగలేదు. చేతి పట్టీ ఎరుపు మాత్రం కారి, పైన బుట్ట దాకా గులాబిరంగు చారలు కట్టింది. అంటే అది ఉతుకు చూడలేదు, ఒక్కసారే తడిసింది. పోయాక దేవతకి కుట్టింది కాదు, ఎడమ భుజం అరవేలు కిందికి దించి, బతికున్న మనిషి ఒంటికి కొలిచి కుట్టింది. పెద్దావిడ తన నోటితోనే చెప్పింది, ఈ జాకెట్టు మీదే పోయిందని. బతికున్న మనిషికి, ఒక్క రోజుకి సరిపడా జాకెట్టు మా తాత చేత ఎవరో కుట్టించారు. గుడ్డ వదలొద్దని ఆయనకీ చెప్పే ఉంటారు. ఆయన కుట్టి ఇచ్చాడు. ఆ తరవాత విని ఉంటాడు, నూతిలో పడిందని. ఆయన కళ్ళు ఆనకపోవడం అప్పుడు మొదలైంది.

నాకు భయం వేసింది. విప్పిన కుట్టుని అవే రంధ్రాల్లోంచి తిరిగి కుట్టేశాను. పోలీసుల దగ్గరికి వెళ్ళి ఏమని చెప్పను? లోపల గుడ్డ వదలొద్దన్నారండి అంటే టీ తాగి వెళ్ళమంటారు. కుట్టనని తిప్పి పంపితే ఇంకో దర్జీ కుట్టేస్తాడు, ఆ పిల్ల సంగతి తెలిసిన మనిషే ఉండదు. మా ఆయన జయకృష్ణ ఆటో నడుపుతాడు. ఆయనకి చెబితే మొదట నవ్వాడు, జాకెట్టు చూపించాక నవ్వడం మానేశాడు.

నేను జాకెట్టు కుట్టాను. ఆ రెండు రోజులూ అంత శ్రద్ధగా ఎప్పుడూ కుట్టలేదు. బుట్ట చేతికి పదకొండు కుచ్చులు, పలక, గుడ్డ గుండీలు, అన్నీ తాత చేతిలోంచి జారిపడ్డట్టే వచ్చాయి. ఒక్కటే తేడా. లోపల రెండు పక్కలా నాలుగేసి వేళ్ళ గుడ్డ వదిలాను. తొమ్మిదో నెల దాకా విప్పుకోవచ్చు. ఒకసారి తొడిగి చూడకుండా ఇవ్వనని పెద్దావిడకి ఫోను చేశాను.

గురువారం పదిన్నరకి ముగ్గురూ వచ్చారు. పెద్దావిడ జాకెట్టు అందుకుని బుట్ట చేతులు చూడలేదు, గుండీలు చూడలేదు. నేరుగా లోపలికి తిరగేసింది. నాలుగు వేళ్ళ గుడ్డ చూసి, నా మొహం చూసి, మిషను మీది కత్తెర తీసుకుంది.

"మీ తాత కూడా ఇలాగే వదిలేడు" అంది. "మా అత్త కత్తిరించింది. నేను పక్కనే కూకున్నాను."

కుట్టు పక్కనుంచి చకచకా కత్తిరించింది. వంగపండు రంగు పేలికలు గౌతమి పాదాల దగ్గర పడ్డాయి. ఆ పిల్ల వాటి వంక చూస్తూ నిలబడింది.

"తొడిగించు, పట్టిందో లేదో సూస్తాను" అంది పెద్దావిడ.

నా దుకాణంలో తొడిగి చూసుకోడానికి ఒక మూల తెర కట్టి ఉంటుంది. దాని వెనక తలుపు మా వంటింట్లోకి, అక్కణ్ణుంచి సందులోకి. గౌతమిని తెర వెనక్కి తీసుకెళ్ళి చెవిలో చెప్పాను. చిన్న గొంతుతో, ఉన్నది ఉన్నట్టు. పిచ్చిదాన్నని అనుకుంటుందేమో అని కూడా భయపడ్డాను.

గౌతమి నన్ను పిచ్చిదాన్ననలేదు. "వారం రోజులై పెరట్లో పాత నుయ్యి పూడిక తీయిస్తన్నారక్కా" అంది. "బోరు ఉండగా నుయ్యేటికండీ అంటే మాటాడ్లేదు ఎవులూ."

ఇంక నాకు అనుమానం మిగల్లేదు. ఆ పిల్లకి విజయనగరంలో అన్న ఉన్నాడు. పదకొండింటికి రైలుంది. జయకృష్ణ వంటింట్లో చద్దన్నం తింటున్నవాడు చెయ్యి కూడా సరిగ్గా కడుక్కోకుండా లేచాడు. గౌతమి చెప్పులు ముందు గుమ్మంలోనే వదిలేసి, నా చెప్పులేసుకుని సందులోకి వెళ్ళిపోయింది. ఆటో చప్పుడు దూరమయ్యేదాకా విన్నాను.

"అయ్యిందేటి?" అని బయటినుంచి పెద్దావిడ.

"గుండీలు పెడతన్నానండి" అన్నాను.

రైలు కదిలేదాకా తెర కింద రెండు పాదాలు కనబడాలి, అంతే. ఉత్తినే నిలబడితే సరిపోయేది. జాకెట్టు తొడుక్కోవలసిన అవసరం నాకు ఏ కోశానా లేదు. కానీ నిజం చెప్పుకోవాలి. సోమవారం నుంచి దాని కోసం చేతులు పీకుతున్నాయి. ఇంకాసేపట్లో లాక్కుపోతారు, మళ్ళీ జన్మలో నా కంట పడదు. ఒక్క నిమిషం అనుకున్నాను. నా జాకెట్టు విప్పి దాన్ని తొడుక్కున్నాను. బుట్టలు భుజాల మీద గాలి నింపుకుని నిలబడ్డాయి. చెయ్యెత్తితే పలక మెత్తగా సాగింది. అద్దంలో చూసుకున్నాను. నా జన్మలో ఏ జాకెట్టూ నాకు అంత బాగా కుదరలేదు. ఎంత ఆనందం వేసిందో చెప్పడానికి ఇప్పుడు సిగ్గేస్తుంది.

స్టేషన్లో రైలు కూత వినబడింది. బండి కదిలిన చప్పుడు కూడా విన్నాను. అప్పుడే తెర పక్కకి జరిగింది.

పెద్దావిడ మూలంతా చూసింది. "పిల్లేది?"

"ఎల్లిపోనాదండి. వాళ్ళ అన్న దగ్గరికి."

నా గొంతు గట్టిగానే ఉంది. గెలిచాననే అనుకున్నాను. గుమ్మంలోంచి చంద్రశేఖరం ఫోను తీస్తూ రోడ్డు మీదికి ఉరకబోయాడు. "ఆగరా" అంది తల్లి. అతను ఆగిపోయాడు.

ఆవిడ నా ముందుకొచ్చి నిలబడింది. కోపం లేదు, తొందర లేదు. భుజం మీద వేలు పెట్టి ఎడమవైపు కుట్టు వెంట నడుం దాకా తడిమింది. నన్ను మెల్లిగా వెనక్కి తిప్పి వీపు చూసింది. చంక కింద రెండు వేళ్ళు పెట్టి చూసింది. నేను నా దుకాణంలో వేలమందిని అలాగే తిప్పి చూశాను.

"ఎక్కడా ముడత లేదే" అంది. ఆ గొంతులో మెచ్చుకోలుంది. తరవాత, పేరంటానికి పిలవడానికొచ్చినావిడ అడిగినట్టే అడిగింది. "మీ ఆయన ఉన్నాడు కదమ్మా?"

ఆవిడ ఎందుకు అడుగుతోందో నాకు ఆ క్షణంలోనే తెలుసు. లేడని ఒక్క మాట అంటే చాలు, పేరంటాలుగా పనికిరాను. జాకెట్టు ఊడదీయించుకుని వెళ్ళిపోతుంది. ఆ మాట నాలిక చివరిదాకా వచ్చింది కూడా. కానీ ఇప్పుడే చెయ్యి కడుక్కోకుండా ఆటో తీసుకెళ్ళిన మనిషిని, నిలువెత్తు మనిషిని, లేడని ఎలా అనను? ఉత్తుత్తికైనా ఆ అబద్ధం ఆడే నోరు మా వైపు ఏ ఆడదానికీ లేదు.

"ఉన్నాడండి" అన్నాను. "సల్లగా ఉన్నాడు."

పెద్దావిడ తల ఊపింది. కొడుకు వైపు చూస్తే అతను దుకాణం లోపలికొచ్చి షట్టరు సగం దించాడు. ఆవిడ బొడ్లోంచి చిన్న కుంకుమ భరిణె తీసి మూత తిప్పింది. బొట్టు పెట్టడానికి ఆవిడ చెయ్యెత్తితే, అలవాటు కొద్దీ నేను తల వంచాను.