కోరిక రూపం

దర్జీ అక్క నోటికి హద్దూ పద్దూ ఉండేది కాదు. మొగుడు బతికున్నన్నాళ్లూ "కత్తెర ఇటు పడెయ్", "లేచి చావు" అని హుకుం జారీ చేయడమే గానీ, ఏనాడూ నోరారా అడిగిన పాపాన పోలేదు.

ఆయన పోయిన ఏడాదికి, కొట్టుకి స్పానిష్ మాట్లాడే విదేశీ బేరాలు ఎక్కువవడంతో ఆ భాష నేర్పే క్లాసులో చేరింది.

"ఎదుటివాళ్లను ఏదైనా చేయమని కోరేటప్పుడు క్రియ రూపం మారాలమ్మా. అది ఇంకా జరగలేదు కదా! చేయడం, మానడం వాళ్ల చేతిలో ఉంది," అన్నాడు మాస్టారు.

మధ్యాహ్నం కొట్లో, మొగుడు కూర్చునే ఖాళీ స్టూలు వైపు తిరిగి ఆ భాషలోనే పాఠం అప్పజెప్పింది. "నువ్వు కత్తెర ఇవ్వాలని కోరుకుంటున్నాను."

బల్ల మీది కత్తెర మెల్లగా జరిగి వచ్చింది. ఆయన ఎప్పుడూ అందించినట్టే, పిడి ఆమె వైపు, మొన స్టూలు వైపు.

ఆమె కత్తెర అందుకుంది. ఆశ పుట్టి, "నువ్వు తిరిగి రావాలని కోరుకుంటున్నాను," అంది.

స్టూలు కిర్రుమంది. స్పానిష్ ముక్క రాని ఆ మొగుడి గొంతు, అదే భాషలో, ఒక్క తప్పు లేకుండా పలికింది.

"నువ్వే రావాలని కోరుకుంటున్నాను."

హుకుం చేసుంటే "ఛీ, పో" అనేసేదే. కానీ ఆయన అడిగాడు.