ఎర్రరెక్క మెట్లెక్కిన రోజు

“ఈ ఇంట్లో చేప వాసన తగిలి ఎన్నాళ్ళైందో మీ ఆయన్ని అడగవే” అంది అత్తగారు.

ఆ ‘మీ ఆయన’ ఆవిడకి జానెడు దూరంలోనే, గుమ్మం మెట్టు మీద కూర్చుని, మోకాళ్ళ దాకా వచ్చే రబ్బరు బూట్లలోకి కాళ్ళు దూర్చుకుంటున్నాడు. ఆవిడ అల్లుడితో నేరుగా మాట్లాడదు. పెళ్ళైన కొత్తలో మర్యాద కోసం మొదలైన అలవాటది. ఇన్నేళ్ళలో మర్యాద అరిగిపోయి అలవాటు మాత్రం మిగిలింది.

“వాసనకేం లోటమ్మా, ఆయన చొక్కాలు ఉతికేది నేనేగా” అంది భార్య, కుట్టుమిషను మీద నుంచి తల ఎత్తకుండానే.

ఈ తగువు రెండు రోజులుగా నడుస్తోంది. ఇవి చేపలు గుడ్లు పెట్టే రోజులనీ, కొత్త నీరు తగలగానే తల్లి చేపలు ఏటికి ఎదురీదుతూ పైకి పోతాయనీ, ఈ రెండు నెలలూ మన ఇంట్లో చేప వండటానికి వీల్లేదనీ అతని వాదన. ప్రతి ఏడాదీ ఇదే వాదన. లోకమంతా తింటోంది, మనం మానేస్తే ఏరు నిండిపోతుందా అని అత్తగారు. మగచేప తెచ్చుకోవచ్చుగా అని అతని కూతురు మధ్యేమార్గం చెప్పింది. మగచేపల అవసరం కూడా ఉంటుందని అతను ఓపిగ్గా వివరించబోతే, ముగ్గురు ఆడవాళ్ళూ ఒక్కసారే అతని వైపు జాలిగా చూశారు. అతను టిఫిన్ డబ్బా, ఏంటెన్నా తీసుకుని బయటపడ్డాడు.

వీధిలో అతన్ని అందరూ ‘ఏంటెన్నా గారు’ అంటారు. చేప వెన్నుముల్లులా అడ్డపుల్లలున్న ఆ ఏంటెన్నాని పట్టుకుని, మెడలో ఒక పెట్టె వేలాడదీసుకుని ఏటి గట్టు వెంట నడవడం అతని ఉద్యోగం. మొదట్లో టీవీ బాగుచేసేవాడనుకుని ఇద్దరు ముగ్గురు ఇంటికి పిలిచారు కూడా. ఒకరింట్లో టీ తాగాక గానీ అతను విషయం చెప్పలేకపోయాడు.

అతను పనిచేసే నదీ చేపల పరిశోధన కేంద్రం రెండు గదుల ఇల్లు. ఒక గదిలో చేపలు నిలవబెట్టిన సీసాలు, రెండో గదిలో శాస్త్రవేత్త మేడమ్. ఏటి మీద కట్టిన ఆనకట్ట వల్ల చేపలు గుడ్లు పెట్టడానికి పైనున్న గులకరాళ్ళ రేవులకి పోలేకపోతున్నాయని, ఆనకట్ట పక్కనే చేపల కోసం నీటి మెట్లు కట్టించారు. ఒక్కో మెట్టూ ఒక్కో చిన్న తొట్టి. పై తొట్టిలోంచి కింద తొట్టిలోకి నీరు దూకుతుంటుంది, చేప ఒక్కో తొట్టీ ఎగురుతూ పైకెళ్ళాలి. చేపకి తప్ప అందరికీ ఈ సంగతి తెలుసు. ఈ గుడ్ల కాలంలో ఒక్క చేపైనా ఎక్కినట్టు రుజువు దొరక్కపోతే కేంద్రం మూసేస్తామని పైవాళ్ళు ఖాయంగా చెప్పేశారు. అప్పుడు మేడమ్ ఇంకెక్కడికో వెళ్ళిపోతుంది. అతను పెద్దాఫీసులో సీసాల గదికి కాపలా వెళ్ళాలి. బతికున్న చేపల దగ్గర్నుంచి చచ్చిన చేపల దగ్గరికి బదిలీ.

మేడమ్ ఎర్రరెక్క చేపల్ని పట్టించి, మత్తునీళ్ళలో పడుకోబెట్టి, పొట్ట దగ్గర చిన్న గాటు పెట్టి, చిక్కుడుగింజంత రేడియో గుళిక లోపల పెట్టి కుట్లు వేసింది. సన్నని తీగ ఒకటి బయటికి వేలాడుతుంది, గుళిక చేసే బీప్ అతని మెడలోని పెట్టెలో మోగుతుంది. కుట్టేటప్పుడు చేపని తడిగుడ్డతో పట్టుకున్నది అతనే. మా ఆవిడ కుట్టు ఇంకా సన్నంగా ఉంటుందని మనసులో అనుకున్నాడు గానీ అనలేదు. నీళ్ళలో వదిలిన వాటిలో కొన్నింటిని కొంగలు ఎత్తుకుపోయాయి, కొన్ని దిగువకి పోయి మళ్ళీ వినబడలేదు. మిగిలింది ఒక్కటే. బాగా పెద్దది, కడుపు నిండా గుడ్లున్నది. అది ఆనకట్ట కింద మడుగులో మెట్లకి ఎదురుగా నిలబడి, ముందుకీ పోక వెనక్కీ పోక, ఊరికే నోరు ఆడిస్తూ ఉండేది. దానికి అతను ‘అత్తగారు’ అని పేరు పెట్టుకున్నాడు. ఈ పేరు మేడమ్‌కి తెలుసు, ఇంట్లో తెలియదు.

ఆ రోజు పొద్దున అతను రోజూ కూర్చునే బండ మీద కూర్చుని ఏంటెన్నాని మడుగు వైపు తిప్పాడు. పెట్టె నోరు విప్పలేదు. మడుగంతా వెతికాడు. దిగువకి తిప్పాడు. ఆఖరికి, ఆశ లేకపోయినా పద్ధతి ప్రకారం, ఎగువకి తిప్పాడు.

బీప్. బీప్. బీప్.

అతను మోకాళ్ళ నొప్పి మరిచిపోయి ఆనకట్ట పక్క కాలిబాట ఎక్కాడు. పైకి వెళ్ళేకొద్దీ శబ్దం పెరిగింది. ఎగువ గట్టు మీద టీకొట్టు దగ్గర నిలబడితే చెవులు దద్దరిల్లాయి. ఎదురుగా నీరు పలకలా తళతళలాడుతోంది. ఇన్ని రోజుల్లో ఆ చేప అంత గట్టిగా ఎప్పుడూ పలకలేదు.

అక్కడే అతను ఆలోచించాల్సింది. నీళ్ళలో ఉన్న గుళిక మాట మూలుగులా వస్తుంది. నీటి బయట పెడితేనే గొంతు విప్పుతుంది. కొత్తగా చేరినవాళ్ళకి ఈ సంగతి మొదటి రోజే నేర్పేది అతనే. కానీ సంతోషం కూడా నీళ్ళలాంటిదే, మునిగినవాడికి బయటి మాట సరిగ్గా వినబడదు.

మేడమ్‌కి ఫోన్ చేసి, “అత్తగారు ఎక్కేశారండీ” అన్నాడు.

అవతల నుంచి మేడమ్ నిజంగానా అని రెండుసార్లు అడిగింది. తర్వాత ముక్కు చీదిన శబ్దం వినబడింది. పైవాళ్ళ సమావేశం ఇప్పుడే జరుగుతోందనీ, వెంటనే చెప్పేస్తాననీ, మీరు లేకపోతే ఈ పని అయ్యేది కాదనీ అంది. అతనికి ఆ మాట ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఇంటికి ఫోన్ చేశాడు. చేప మెట్లెక్కింది, ఇంక బదిలీ లేదు అని భార్యతో చెప్పాడు. వెనక నుంచి అత్తగారు ఏమిటట ఏమిటట అని అడగడం, భార్య చెప్పడం వినబడ్డాయి. “మంచి మాట చెప్పారని చెప్పవే” అన్న అత్తగారి గొంతు కూడా వినబడింది.

గట్టు మీద కూర్చుని డబ్బా విప్పి మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేసరికి శబ్దం కదిలింది. చేప పైకి పోతోంది. అతను ముద్ద మింగి నవ్వుకున్నాడు. పోనీ, రేవు చేరుకోనీ. శబ్దం వేగం పెరిగింది. ఎర్రరెక్క ఇంత జోరుగా ఎదురీదడం అతను ఎరగడు. తర్వాత శబ్దం ఎడమవైపు తిరిగింది.

ఎడమవైపు ఏరు లేదు. తారురోడ్డు ఉంది.

అటు ఎవరు వెళ్ళారని అడిగితే టీకొట్టతను గ్లాసులు కడుగుతూ, ఇందాక ఇక్కడ టీ తాగిన చేపలమ్మే మనిషిని మీరూ చూశారుగా, బుట్ట దింపి కూర్చుంది అన్నాడు. అతను చూశాడు. మంచి రోజు కదా అని ఆమెని చూసి తల కూడా ఊపాడు.

డబ్బా మూత పెట్టి మోపెడ్ ఎక్కాడు. ఒక చేత్తో హ్యాండిల్, ఒక చేత్తో ఏంటెన్నా. శబ్దం బజారులో కాసేపు ఆగింది, కదిలింది. మందుల షాపు సందులో ఆగింది, కదిలింది. ఎవరింటి గేటు ముందో బేరం నడుస్తున్నట్టుంది. అతను అక్కడికి చేరేలోగా బుట్ట లేచేది. ఒక ఇంటాయన ఏంటెన్నా చూసి, మా టీవీలో గీతలు పడుతున్నాయి, ఒకసారి వచ్చి వెళ్ళమన్నాడు. అతను రేపు అన్నాడు. తర్వాతి మలుపులో రోడ్డు తవ్వి ఉండటంతో చుట్టూ తిరిగి రావాల్సొచ్చింది. శబ్దం తమ వీధి వైపు తిరిగినప్పుడు, దాటిపోతుందిలే అనుకున్నాడు. వీధి చివర ఇంకా చాలా ఇళ్ళున్నాయి, అందరూ తినేవాళ్ళే. దాటిపోలేదు. చాలాసేపు ఒకేచోట మోగింది. ఎంతకీ కదల్లేదు.

తన ఇంటి గేటు ముందు మోపెడ్ ఆపి అతను పెట్టె ఆపేశాడు. ఇంక దాని సాయం అక్కర్లేదు. మసాలా వాసన వీధిలోకి వస్తోంది.

అత్తగారు వంటింట్లోంచి కొంగుతో చేతులు తుడుచుకుంటూ వచ్చింది. ఆవిడ మొహం పండగలా ఉంది. పెరట్లో ఉన్న కూతురికి వినబడేలా కేకేసింది.

“ఇంత మంచి కబురు చెప్పాక ఇంక పట్టింపేముంటుందని తీసుకున్నానని చెప్పవే. చేప మెట్లెక్కేసిందిగా, ఇంక తినొచ్చుగా. పెద్దది, ప్రాణంతో ఉన్నట్టే ఉంది. పాపం, గాలం తీగ మింగినట్టుంది, పొట్టలోంచి వేలాడుతోంది.”

అతను పెరట్లోకి నడిచాడు. కుళాయి గట్టు దగ్గర భార్య ఒక గిన్నె పట్టుకుని నిలబడి ఉంది. ఆమె గిన్నె చూపించింది. అందులో గుళిక, పక్కనే పొట్ట తోలు ముక్క ఒకటి ఉన్నాయి. మానిపోయిన గాటు, దాని మీద వరసగా కుట్ల గుర్తులు.

“అమ్మ కోస్తుంటే చూశాను. చేపకి కుట్లేమిటా అని ముక్క తీసి పెట్టాను. ఇది మీదేనా?” అంది.

అతను తలాడించాడు. పక్కనే ఇంకో గిన్నె నిండా గుడ్లు ఉన్నాయి, పసుపుపచ్చగా, ముద్దగా, ఒక్కటి కూడా తగ్గకుండా. రేవు చేరిన చేప కడుపు అలా ఉండదు.

“ఎక్కడ పట్టారో అడిగారా?” అన్నాడు వెనకే వచ్చిన అత్తగారి వైపు తిరిగి.

“అడక్కుండా తీసుకుంటానా?” అంది ఆవిడ. అల్లుడితో నేరుగా మాట్లాడేశానని ఆవిడ గమనించలేదు. “తెల్లారుజామున మెట్ల కింద పట్టారట. వల వేసేవాడు చెప్పాడట, మొదటి మెట్టుకి మొహం ఆనించి నిలబడిందట, చేత్తో తీసినా తీయొచ్చు అన్నట్టు.” చెప్తూ చెప్తూ ఆవిడ ఆగింది. తన కూతురి చేతిలోని గిన్నె వైపు, అల్లుడి మెడలోని పెట్టె వైపు చూసింది. పక్కనున్న స్టూలు మీద మెల్లగా కూర్చుంది.

“దానికి పేరేమైనా ఉందా?”

“లేదండీ. నంబరే” అన్నాడు అతను.

సాయంత్రం అతని కూతురు వచ్చేసరికి ముగ్గురూ ఒక్కో మూల కూర్చుని ఉన్నారు, పొయ్యి మీద కూర ఉంది. విషయం విని ఆమె ముందు నవ్వింది, తర్వాత తండ్రి మొహం చూసి ఆపుకుంది. చెప్పకపోతే ఎవరికి తెలుస్తుంది నాన్నా అంది. పైకెళ్ళింది, దూరం పోయింది, సిగ్నల్ అందలేదు. అంతే కదా. గుళిక రాయితో కొడితే పోతుంది. కేంద్రం ఉంటుంది, మేడమ్ ఉంటుంది, నీ ఏరు నీకుంటుంది.

అందులో తప్పు ఎక్కడుందో అతనికి వెంటనే కనబడలేదు. మధ్యాహ్నం నుంచీ అతను అనుకుంటున్నదీ అదే. మేడమ్ అప్పటికే ఫోన్ చేసి, పైవాళ్ళు చప్పట్లు కొట్టారనీ, ఇలాంటి మెట్లే ఇంకో మూడు ఆనకట్టల దగ్గర కట్టిస్తామన్నారనీ చెప్పింది. అతను మంచిదండీ అని పెట్టేశాడు.

భార్య కంచాలు పెట్టింది. వండినదాన్ని పారేస్తే దానికి ఇంకా అవమానం అంది. అతను ఒక ముక్క తుంచి నోట్లో పెట్టుకున్నాడు. చాలా బాగుంది. ఆ రోజు జరిగినవాటన్నిటిలోకీ అతనికి అదే ఎక్కువ బాధగా అనిపించింది.

అత్తగారు మాత్రం ముక్క ముట్టుకోలేదు. అన్నం కెలుకుతూ, “ఆ మెట్లు, మొదటిది ఎత్తుగా కట్టారేమో” అంది. “మన మేడ మెట్లూ అంతే. మొదటిది ఎక్కగలిగితే మిగతావి నేనూ ఎక్కేస్తాను. కింద నిలబడి చూసి చూసి తిరిగొచ్చేస్తుంటాను. చేతకాక కాదు.”

అతను నమలడం ఆపాడు. మొదటి మెట్టు కింద నీరు ఎప్పుడూ తెల్లగా నురగలు కక్కుతుంటుంది. అడుగు కనబడదు, ఎగరడానికి ఊతం దొరకదు. ఆ నురగ ముందు అది రోజుల తరబడి నిలబడింది. అతను బండ మీద కూర్చుని, మొండిదని నవ్వుకున్నాడు. అలాంటివే ఇంకో మూడు కడతారట.

మంచినీళ్ళు తాగి గ్లాసు కింద పెట్టాడు.

“పొద్దున్నే మేడమ్‌కి చెప్పేస్తాను. ఎక్కలేదని. మొదటి మెట్టు దగ్గరే ఆగిపోయిందని, అది మన ఇంటికి వచ్చిందని కూడా.”

కూతురు ఏదో అనబోయింది. భార్య ఆమె కంచంలో అన్నం వడ్డించింది.

“అయితే పెద్దాఫీసేనా?” అంది భార్య.

“కావచ్చు.”

“అక్కడ కుర్చీ ఇస్తారు కదా. మోకాళ్ళకి మంచిదే” అంది. ఆమె గొంతు మామూలుగానే ఉంది గానీ, అతని కంచం ఖాళీ కాకుండానే ఇంకో గరిటె వేసింది. అత్తగారు ఈసారి ఎవరినీ మధ్యలో పెట్టకుండా, “మీ ఇష్టం నాయనా” అంది.

పెరట్లో కుళాయి గట్టు మీద, ఎన్ని నీళ్ళు కొట్టినా పోకుండా అంటుకున్న పొలుసు ఒకటి ఆరి, అంచులు పైకి లేచి, వీధి దీపం వెలుగులో చిన్న గాజుముక్కలా మెరుస్తోంది.