తొమ్మిది వాకిళ్ల మంచు

ఎండలు ముదిరాయంటే కృపానందం సైకిలుకి గాలి కొట్టించుకుని మంచు లెక్కకు బయల్దేరేవాడు. బెజవాడ గవర్నర్‌పేటలో ఒక మేడ మీద రెండు గదుల్లో ఎగుమతుల ఆఫీసు ఉండేది. అందులో గుమాస్తా అతను. మన వైపు నుంచి రష్యాకి సరుకు పంపే కంపెనీలు ఎన్నో ఏటా తేల్చడం అతని పని. కాయితాలు చూసి తేల్చే పని కాదది. కాయితాల మీద ప్రతివాడూ ఎగుమతిదారే! సరుకు నిజంగా ఆ దేశం చేరినవాడి వాకిట్లో మాత్రం మంచు పడుతుంది, రోహిణి కార్తె అయినా సరే. మంగళగిరి చేనేత సంఘం ముందు పడితే కూలీలు క్యారియర్లు తెచ్చుకుని అందులోనే చతికిలబడి అన్నాలు తినేవాళ్లు. చుట్టుపక్కల ఆడవాళ్లు మజ్జిగలోకని చెంబులతో పట్టుకుపోయేవాళ్లు.

డెబ్బై నాలుగులో పైనుంచి ఉత్తర్వు వచ్చింది. పది వాకిళ్లలో మంచు ఉంటేనే బెజవాడలో ఆఫీసు ఉంటుంది, లేకపోతే మద్రాసు ఆఫీసులో కలిపేస్తారు. కృపానందానిది ఆర్నెల్లకోసారి పొడిగించే ఉద్యోగం. మద్రాసులో అతనికి కుర్చీ లేదు. ఇంట్లో చూస్తే భార్య అమలమ్మకి నెలలు నిండుతున్నాయి.

ఉయ్యూరు దాకా తొక్కాడు, కాలవగట్లన్నీ తిరిగాడు. ఎంత తిరిగినా తొమ్మిదే. ఢిల్లీ నుంచి ఆఫీసరు రామకోటేశ్వరరావు దిగిన రోజే పసుపు వ్యాపారి బసవపున్నయ్య దగ్గర్నుంచి కబురొచ్చింది, తన గోడౌను వాకిట్లో కూడా మంచు పడిందని. కృపానందానికి ప్రాణం లేచొచ్చింది. ఇద్దరూ జీపులో వెళ్లారు.

వాకిలంతా తెల్లగా ఉంది. కృపానందం ఆశగా వంగి గుప్పెడు తీశాడు. చేతికి వరి ఊక తగిలింది. ఐసు దిమ్మలు కరక్కుండా ఫ్యాక్టరీవాళ్లు పొదిగి పంపే ఊక అది. దిమ్మలు తెప్పించి కొట్టించి పరిచేశాడు మహానుభావుడు!

బసవపున్నయ్య అతని మొహం చూసి పక్కకి లాగాడు.

"కృపానందం గారూ, వచ్చే ఏడు నిజంగానే పంపిస్తానండీ, అమ్మతోడు. మీ ఆఫీసు ఉంటుంది, నాకు ఆర్డరొస్తుంది. కాసేపు నోరు మెదపకండి, అంతే."

"పంపలేకపోతే?"

"అది అప్పటి సంగతి. ముందు మీ ఇంటి సంగతి చూసుకోండి."

ఇంతలో ఆఫీసరు పెన్ను తీశాడు. "పది వేసేద్దామా? సంతకం నీదే. ఈ రిపోర్టు ఢిల్లీలో ఆగదు, మాస్కో దాకా వెళ్తుంది. దీన్ని చూసే అక్కడివాళ్లు సరుకు అడుగుతారు."

ఎండకి ఐసు నీరై కాళ్ల కిందికి పారుతోంది. కృపానందానికి అమలమ్మ మొహం కళ్లముందు మెదిలింది. బసవపున్నయ్య గుడ్లప్పగించి అతన్నే చూస్తున్నాడు.

"తొమ్మిదే సార్," అన్నాడు కృపానందం. గుప్పెట్లో ఊక చూపించి, తొమ్మిదని రాసి సంతకం పెట్టాడు.

ఆ పూట ఇంట్లో పొయ్యి వెలగలేదు. "ఊక కనపడితే కళ్లు మూసుకోవచ్చుగా! పురిటికి ఎక్కడికి పోను నేను?" అని అమలమ్మ వలవలా ఏడ్చింది. అతనూ ఏడ్చాడు. మర్నాటి నుంచి ఆవిడ మాట్లాడటం మానేసింది.

రిపోర్టు వెళ్లింది. కొన్నాళ్లకి ఆఫీసు తరలించడానికి ఆఫీసరు మళ్లీ వచ్చాడు. మేడ కింద లారీ పెట్టి బీరువాలు ఎక్కిస్తుంటే కృపానందం తాళంచెవులు చేత్తో పట్టుకుని పిచ్చివాడిలా చూస్తున్నాడు. అప్పుడు వచ్చి ఆగింది రిక్షా. పొట్ట పట్టుకుని అమలమ్మ దిగింది. తల నిండా, భుజాల నిండా మంచు.

"మా వాకిట్లో పడుతోందండీ. ఈయన ఇటు బయల్దేరిన దగ్గర్నుంచీ," అంది ఆఫీసరుతో.

"మీరేం పంపారమ్మా రష్యాకి?"

"నేనేం పంపుతానండీ! ఈయన లెక్క వెళ్లిందిగా."

ఆఫీసరు ఆవిడ పైట మీది మంచు వేళ్లతో తీసి నలిపి చూశాడు. చెయ్యి కొంకర్లు పోయింది.

"ఏమయ్యా, ఇప్పుడెంత వెయ్యమంటావు?"

కృపానందం భార్య వంక చూశాడు, లారీ వంక చూశాడు.

"నా కళ్లతో నేను చూడలేదు సార్. వెళ్లి చూసొచ్చి చెప్తాను," అన్నాడు.

"ఓరి దేవుడా, ఈ మనిషితో నేనెలా వేగను!" అని అమలమ్మ నెత్తి కొట్టుకుంది. అలా కొట్టుకుంటూనే, ఇన్నాళ్ల తర్వాత, నవ్వింది.

అతను వీధి మలుపు తిరగకముందే ఆఫీసరు కూలీల వైపు తిరిగి బీరువాలు దించమన్నాడు.